కొలకర్రకి వెనక వైపు

జూన్ 2, సోమవారం

మావయ్యకి,

రోజుకో కొత్త మాట ఏరుకుంటున్న మీ మేనకోడలి నమస్కారాలు. సగం మీరు ఉంచుకుని సగం అత్తయ్యకి ఇవ్వండి.

ఈ పొద్దున మొదటి ఆశ్చర్యం లైబ్రరీ గుమ్మంలోనే ఎదురైంది. నిఘంటువుల బీరువా ముక్కలు ముక్కలై బయట గోడకి ఆనుకుని ఉంది. రెండేళ్లుగా నేను ఆ బీరువా పక్కనే కూర్చుని చదువుకుంటున్నాను కదా! లోపలికి పరిగెత్తాను. లైబ్రేరియన్ మేడమ్ నవ్వుతూ, "ఇనుప బీరువాలు వస్తున్నాయమ్మా. అదీ నేనూ ఒకే ఏడాది ఇక్కడికొచ్చాం. ఒకే నెలలో వెళ్లిపోతున్నాం" అన్నారు. ఈ నెల ముప్పయ్యో తారీకున ఆవిడ రిటైరవుతున్నారు!

మావయ్యా, ఆవిడ లేకపోతే నేను మొదటి ఏడాదే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. అప్పుడు హాస్టల్లో రేడియో గోల, బయట వాన. తడిసిన చెప్పులతో గుమ్మంలో నిలబడితే "సభ్యత్వం సంగతి తర్వాత, ముందు లోపలికి రా" అన్నారు. ఒక లావుపాటి నిఘంటువు నా ముందు పెట్టి "ఏ పేజీ అయినా తెరువు, బెంగ పోతుంది" అన్నారు. నిజంగానే పోయింది. ఇప్పటికీ రోజూ నాలుగింటికి నాకూ, కిటికీ దగ్గర పేపరు చదివే పెద్దాయనకీ టీ తెచ్చిస్తారు. ట్రే లేదు కాబట్టి పెద్ద అట్లాసు మీద పెట్టుకుని తెస్తారు. గ్లాసులు తొణికి తొణికి అట్ట మీది మహాసముద్రం నిండా మరకలే. ఒక చోట ఏ నావికుడూ చూడని దీవి కూడా వెలిసింది.

అందుకని ఆ బీరువా చెక్కతోనే ఆవిడకి ఒక ట్రే చేసి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. పోయిన సెలవుల్లో మీ దగ్గర రంపం పట్టడం నేర్చుకున్నాను. మీరిచ్చిన చిన్న రంపం మంచం కిందే ఉంది. ట్రే అంచులకి ఒక గట్టి బద్ద, అడుగుకి ఒక పలచని పలక దొరికాయి. మిగతా బీరువా అంతా పుచ్చిపోయింది. అంటే ఉన్నది ఒక్కటే బద్ద. తప్పు కోశానంటే ఇంకో ముక్క ఈ లోకంలో లేదు.

మీ ఇంట్లో ఉందే ఒక ట్రే! వచ్చిన వాళ్లకి దాంట్లో టీ ఇచ్చి, వాళ్లు తాగేలోగా దాని గొప్పలన్నీ చెబుతారే, "నా లెక్క తప్పని ట్రే" అంటారే, దాని కొలతలు వెంటనే రాసి పంపండి. ఫోనులో చెప్పమని అడగను. ఫోనులో చెప్పిన కొలత దారిలో సాగిపోతుందని మీ నమ్మకం కదా.

ఈ రోజు నేర్చుకున్న మాట: తొణకడం. పైన వాడేశాను కూడా.

మీ మేనకోడలు

తా.క. నేను రంపం బయటికి తీయగానే నా రూమ్మేట్ సంతోషంగా దూదీ కట్టుగుడ్డా బయటికి తీసింది. నర్సింగ్ చదువుతోంది. పరీక్షల్లోగా పది కట్లు కట్టి చూపించాలట.


జూన్ 5, గురువారం

మా ఇంటి నడిచే నిఘంటువుకి,

మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి విషయం కోసం, రెండోసారి అక్షరదోషాల కోసం. ఒక్కటీ దొరకలేదు. కొంచెం నిరాశపడ్డాను.

మేడమ్ గారికి ట్రే చేయాలన్న ఆలోచన బాగుంది. కొలతలు రాసి పంపమన్నావు చూడు, అక్కడ మాత్రం నొచ్చుకున్నాను. ముప్పై మూడేళ్లు బడిలో లెక్కలు చెబుతూ అంకెలతో వేగాను. చెక్క దగ్గర కూర్చున్నప్పుడైనా వాటికి సెలవివ్వాలని నేను టేపు ముట్టుకోను. ఏ వస్తువు చేసినా దానికొక కొలకర్ర చేసుకుంటాను. ఒక సన్నని కర్ర మీద ఏ ముక్క ఎంత పొడుగుండాలో కత్తితో గాటు పెడతాను. ఆ కర్ర తీసుకెళ్లి చెక్క మీద పెట్టడం, గాటు ఉన్నచోట గీత గీయడం, కోయడం. అంకె లేదు కాబట్టి తప్పు చదవడమూ లేదు.

ఆ ట్రే కొలకర్ర నలభై ఏళ్లుగా మా తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. కర్ర మొత్తం పొడుగే ట్రే పొడుగు అంచు. ఆ చివర దగ్గర ఉన్న గాటు పొట్టి అంచుకి. సరిగ్గా నడుమ ఉన్న గాటు, అడుగు పలకకి నడిమి మేకు ఎక్కడ కొట్టాలో చెబుతుంది. మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు నా పాత విద్యార్థి. ఆదివారం అతని చేతికిచ్చి పంపుతున్నాను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. దాన్ని కోయకు, గీరకు, తడపకు, ఎండలో పెట్టకు. పని అయ్యాక వచ్చినట్టే వెనక్కి పంపు. పెళ్లయిన మొదటి ఏడాది చేసిన కర్ర అది. ఈ ఇంట్లో అంతకంటే పాతవి నేనూ మీ అత్తయ్యా మాత్రమే.

మీ మావయ్య

తా.క. అత్తయ్యనమ్మా. ఆయన రాస్తారు, కవరు అంటించేది నేను. కాబట్టి ఆఖరి మాట ఎప్పుడూ నాదే. నీ ఉత్తరంలో తప్పుల్లేవు గానీ ఆయన ఉత్తరంలో రెండు దొరికాయి. దిద్దేశాను, చెప్పకు. ఇంకో మాట. ఇన్నేళ్లుగా మిషన్ తొక్కుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, కుట్టుకి వదలకుండా కత్తిరిస్తే చొక్కా ఒంటికి పట్టదు. చెక్కకి కుట్టెక్కడిదంటారు మీ మావయ్య. ఉంటుంది. ముక్కా ముక్కా కలిసే చోట ఒకసారి చూసుకో.


జూన్ 8, ఆదివారం

మావయ్యకి,

ఆనందంతో రెండు చేతులూ జోడించి నమస్కారాలు. ఒక చేతికి కట్టు ఉంది, ఏమీ అనుకోకండి.

మీరు పంపిన కర్ర చేరింది! ఉత్తరం ఇంకా రాలేదు, కర్రే ముందొచ్చింది. బస్సు డ్రైవరు పాత దుప్పటి ముక్కలో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టి "మాస్టారు జాగ్రత్తన్నారు" అని, రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చి "చాలా జాగ్రత్తన్నారు" అన్నాడు. విప్పి చూశాను. ఎన్ని చేతులు పట్టుకుంటే వచ్చిందో ఆ తేనె రంగు! ట్రే పిడుల కోసం ఇంత మంచి కర్ర పంపుతారని నేను అనుకోనేలేదు. పైగా ఎక్కడ కోయాలో నాకు తెలియదేమోనని సరిగ్గా నడుమ గాటు కూడా పెట్టి పంపారు. ఎంత ముందుచూపు మావయ్యా మీకు!

హాస్టల్ డాబా మీద బకెట్టు బోర్లించి, దాని మీద కర్ర పెట్టి, ఊపిరి బిగబట్టి ఆ గాటు మీదే కోశాను. రెండు ముక్కలూ అచ్చం కవల పిల్లలే. మీరు చూస్తే భుజం తట్టేవారు.

ఇంకో గాటు కూడా ఉంది, అదెందుకో అర్థం కాలేదు. అలంకారం అయి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దేద్దామనుకున్నాను గానీ చెయ్యి నొప్పి పుట్టి రేపటికి వాయిదా వేశాను.

ఈ రోజు నేర్చుకున్న మాట: నైపుణ్యం.

మీ మేనకోడలు

తా.క. కొలతలు వచ్చేదాకా బద్ద జోలికి వెళ్లను. చూశారా, నాకు ఎంత జాగ్రత్త వచ్చిందో!


జూన్ 9, సోమవారం
(అర్జెంటు)

మావయ్యకి,

వణుకుతూ నమస్కారాలు.

నిన్న మీకొక ఉత్తరం పోస్టు చేశాను. అది వస్తే తెరవకండి. కారణం అడగకండి. మీరు మాటంటే మాట మనిషి కాబట్టి అడుగుతున్నాను. ఫోను చేద్దామంటే మీరు ఎత్తరు, అత్తయ్యకి మిషన్ చప్పుడులో వినిపించదు.

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. కొలకర్ర గురించి అంతా తెలుసుకున్నాను. అన్నీ, ఒక రోజు ఆలస్యంగా.

కర్ర క్షేమం. చాలా క్షేమం. పంపినదానికంటే ఎక్కువగానే ఉంది.

ఈ రోజు నేర్చుకున్న మాట: అనాలోచితం.

మీ మేనకోడలు

తా.క. పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టి నిన్నటి ఉత్తరం వెనక్కి తీయాలని చూశాను. రూమ్మేట్‌కి నాలుగో కట్టు దొరికింది.


జూన్ 12, గురువారం

మా నిఘంటువుకి,

ఏం జరిగినా సరే, ముందు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరాలు రెండూ నిన్న ఒకేసారి వచ్చాయి. అర్జెంటుది చదివాను. రెండోది తెరవలేదు. దాన్ని బల్ల మీద గడియారం పక్కన నిలబెట్టాను. అప్పటి నుంచి టైమెంతయిందో నాకు తెలియడం లేదు. గడియారం వైపు చూస్తే ఉత్తరమే కనిపిస్తోంది.

అందులో ఏముందో నేను అడగను. కానీ ఊహించడానికి నీ అనుమతి అక్కర్లేదు కదా. పరీక్ష తప్పావా? తప్పితే ఏమైంది, నేను డిగ్రీలో ఒకసారి లెక్కలే తప్పాను. ఇది మీ అమ్మకి తెలియదు, తెలియక్కర్లేదు. ఎవరినైనా ఇష్టపడ్డావా? అబ్బాయి మంచివాడైతే చాలు, నాలుగు వేళ్లు పొట్టిగా ఉన్నా సర్దుకుందాం. జుట్టు కత్తిరించేసుకున్నావా? పెరుగుతుంది. చదువు మానేసి కథలు రాస్తానంటావా? రాయి, పరీక్షలయ్యాక రాయి. ఇవేవీ కాకపోతే, ఇంకేదైనా సరే, క్షమించాను. కింద సంతకం పెడుతున్నాను, చూసుకో.

కర్ర పంపినదానికంటే ఎక్కువగా ఉందన్నావు. అక్కడి వానలకి తేమ పట్టి ఉబ్బి ఉంటుంది. రెండు రోజులు నీడలో ఆరబెట్టు.

మీ మావయ్య
(సంతకం)

తా.క. ఆయన మాటిచ్చారు. నేనివ్వలేదు. కాలర్లకి వాడే ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టి కవరు తెరిచాను, చదివాను, మళ్లీ అంటించి గడియారం పక్కనే పెట్టాను. కర్ర కోసేశావుటే! నవ్వు ఆగక, ఆయనకి వినిపించకుండా, గుడ్డ లేకుండానే పది నిమిషాలు మిషన్ తొక్కాను. కంగారుపడకు. ఆ ముక్కలకి గరుకు కాగితం మాత్రం తగలనివ్వకు. ఆయనకి చెప్పే పని నీదే. నేనేం చదవలేదు.


జూన్ 16, సోమవారం

మావయ్యకి,

మీ సంతకం పక్కన పెట్టుకుని ధైర్యంగా చేస్తున్న నమస్కారాలు.

మీరు క్షమించిన జాబితా మూడుసార్లు చదివాను. పరీక్ష ఉంది, అబ్బాయి ఉన్నాడు, జుట్టు ఉంది, కథలు ఉన్నాయి. నేను చేసిన తప్పు అందులో లేదు. చివర్న "ఇంకేదైనా సరే" అన్నారు. నేను అక్కడ ఉన్నాను మావయ్యా.

కొలకర్రని నడుమ గాటు మీద రెండు ముక్కలుగా కోసేశాను. పిడుల కోసం పంపారనుకున్నాను. అది ఉబ్బలేదు. రెండయింది. ఆ విషయం చెప్పే ఉత్తరమే మీ గడియారం పక్కన ఉంది. ఇక తెరవండి.

తిట్టుకోవడం పూర్తయ్యాక కింది పేరా చదవండి, ఎందుకంటే అది సంతోషకరమైన పేరా.

రెండు ముక్కల్నీ చివరా చివరా ఆనించి బద్ద పక్కన పడుకోబెట్టాను. మధ్యలో రంపం మింగేసిన మందం ఒకటి తగ్గింది కదా. అక్కడ మీ ఉత్తరాన్నే నాలుగు మడతలు పెట్టి దూర్చాను. సరిగ్గా పట్టింది. పొడుగు అంచులు రెండు గీసుకున్నాను. పొట్టి అంచు ఒకటి గీశాను. రెండోది గీయబోతే బద్ద అయిపోయింది! వేళ్లు ఆనించి చూశాను, సరిగ్గా నాలుగు వేళ్లు తక్కువ. ఉన్నది ఒక్క బద్ద అని చెప్పాను కదా. డాబా మీద కూర్చుని ఏడ్చాను. రూమ్మేట్ పరిగెత్తుకొచ్చి గాయం ఎక్కడుందని ఒళ్లంతా వెతికింది.

కళ్లు తుడుచుకుని కర్ర ముక్కలు చుట్టిపెడదామని చేతిలోకి తీసుకుంటే, వెనక వైపు వేళ్లకి గరుగ్గా ఏదో తగిలింది. ఎండకి పెట్టి చూశాను. సన్నని చుక్కలు! చీమలు బారు కట్టినట్టు ఒక చివర నుంచి మొదలై రెండో ముక్కలోకి వెళ్లి, ముందు వైపు మీరు పెట్టిన పొట్టి అంచు గాటుకి రెండు వేళ్ల ఇవతలే ఆగిపోయాయి. తొమ్మిది చుక్కలు, ఒక ఖాళీ, మళ్లీ తొమ్మిది చుక్కలు, ఒక ఖాళీ. ఆలోచించాను. పొట్టి అంచులు పొడుగు అంచుల మధ్యలో నిలబడతాయి. బద్ద మందం ఒక వేలు. అటొక వేలు, ఇటొక వేలు తీసేయాలి కదా! తీసేస్తే, రెండు పొట్టి అంచులకి కలిపి నాలుగు వేళ్లు మిగిలాయి. బద్ద వెంట్రుక కూడా తేడా లేకుండా సరిపోయింది. కోసి, నాలుగు ముక్కలూ పలక మీద నిలబెట్టి తాడు కట్టి చూశాను. చుట్టూ అంచు అంచు కలిసింది.

అప్పుడర్థమైంది మీ గొప్పతనం. లెక్కల పుస్తకంలో లెక్క ముందు, జవాబు వెనక ఉంటుంది. మీరు కర్రని కూడా అలాగే చేశారు! ముందు వైపు కావాలనే చిన్న తప్పు పెట్టి, ఆలోచించే వాళ్ల కోసం వెనక సరైన జవాబు దాచారు. నలభై ఏళ్ల కిందటే నాలాంటి విద్యార్థి వస్తుందని ఊహించిన మీకు ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

ఈ రోజు నేర్చుకున్న మాట: దూరదృష్టి.

మీ మేనకోడలు

తా.క. అత్తయ్యా, ఆవిరి వాసన ఉత్తరానికి ఇంకా పోలేదేమో, ఒకసారి చూడండి.


జూన్ 20, శుక్రవారం

మేనకోడలికి,

ఆశీస్సులు.

గడియారం పక్కనున్న ఉత్తరం తెరిచాను. దాని కోసం అన్ని రోజులు ఓర్చుకున్నానా అనిపించింది. కర్ర కోసినందుకు క్షమించాను. సంతకం పెట్టాను కాబట్టి ఇంకో దారి లేదు.

కానీ నా కొలకర్రకి వెనక వైపు లేదు. అంటే ఉంటుంది, ప్రతి కర్రకీ ఉంటుంది. అక్కడ నేనేమీ పెట్టలేదంటున్నాను. నేను చుక్కలు పెట్టను, గాట్లు పెడతాను. నలభై ఏళ్లుగా ఆ గాట్లతో చేసిన ట్రే మా బల్ల మీద కదలకుండా కూర్చుని ఉంది. నీకు బద్ద చాలలేదంటే నువ్వు తప్పు కొలిచి ఉండాలి. రంపం మందానికి ఉత్తరం మడత పెట్టడం ఏ శాస్త్రమో నాకు తెలియదు.

మీ అత్తయ్యని అడిగాను. "చెక్క సంగతి నాకేం తెలుసండీ" అని పంటితో దారం తెంపింది. ఆ తర్వాత చాలాసేపు కూనిరాగం తీస్తూ కుట్టింది. ఆమె కూనిరాగం తీసి ఏళ్లయింది.

ఆ చుక్కల మీద పలచని కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు నాకు పంపు. ట్రే పని మాత్రం ఆపకు. కర్ర ముక్కల్ని పిడులుగానే బిగించు. ఎలాగూ పిడులయిపోయాయి. మేడమ్ గారి ముప్పయ్యో తారీకు నా కోపం తగ్గేదాకా ఆగదు.

మీ మావయ్య

తా.క. ఈసారి కవరు నేనే అంటించాను. ఉత్తరం సగం కవరుకే అతుక్కుని వస్తుంది, మెల్లగా విప్పు.


జూన్ 30, సోమవారం

మావయ్యకి, అత్తయ్యకి,

ఈ రోజు నమస్కారం ఇద్దరికీ విడివిడిగా, నిండుగా. సగాలు లేవు.

ఇచ్చేశాను!

మీరడిగిన అచ్చు ఇందులో ఉంది. పిడులు బిగించి నూనె పట్టించే హడావిడిలో ఆలస్యమైంది, మన్నించండి.

సాయంత్రం లైబ్రరీలోనే చిన్న సభ పెట్టారు. పెద్దవాళ్లు మాట్లాడారు, గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. నన్ను ఎవరూ పిలవలేదు. నేను ట్రేని పత్రికలో చుట్టుకుని చివరి కుర్చీలో కూర్చున్నాను. అందరూ వెళ్లాక మేడమ్ అలవాటుగా టీ పెట్టి, అలవాటుగా అట్లాసు కోసం చెయ్యి చాచారు. ఆ చేతిలో ట్రే పెట్టాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. బద్ద మీద బీరువా అర పేరు చెప్పే పాత చీటీ అంటించి ఉండేది, "అ నుంచి ఔ" అని ఆవిడ చేతిరాతే. అది చెరిగిపోకుండా దాని చుట్టూ మాత్రమే గరుకు కాగితం రుద్దాను. ఆవిడ కళ్లు అక్కడ ఆగాయి. రెండేళ్లుగా నాకు ఏ మాట కావాలన్నా అందించిన మనిషికి ఒక్క మాట దొరకలేదు మావయ్యా. నా తల మీద చెయ్యి పెట్టి ఊరుకున్నారు. అంతకంటే మంచి మాట ఏ నిఘంటువులోనూ లేదు.

తర్వాత మూడు గ్లాసులు అంచుదాకా నింపి, ట్రేలో పెట్టి, బల్ల దగ్గర నుంచి కిటికీ దాకా నడిచారు. ఒక్క చుక్క తొణకలేదు. పేపరు పెద్దాయన రెండేళ్లలో మొదటిసారి పేపరు కిందికి దించి, "గ్లాసు కింద సముద్రం లేదేమిటి ఇవాళ?" అన్నారు.

పిడుల లోపలి వైపు ఆ చుక్కలున్నాయి. మేడమ్ వేళ్లతో తడిమి, "ఇదేమిటమ్మా, జారకుండా పెట్టావా?" అన్నారు. "కాదండీ, అది మా ఇంటి సరైన కొలత" అన్నాను. మీరు చెక్కకి గాటు పెట్టడం నేర్పారు. మేడమ్ మాట వెతుక్కోవడం నేర్పారు. ఆ చుక్కలు ఎవరు పెట్టారో తెలియదు గానీ, వాళ్లే లేకపోతే ఈ ట్రే లేదు. వాళ్లకీ నా కృతజ్ఞతలు అందజేయండి.

ఈ రోజు కొత్త మాట నేర్చుకోలేదు. ఉన్నవే సరిపోయాయి.

మీ మేనకోడలు

తా.క. మరకల అట్లాసుని రద్దు పుస్తకాల్లో వేశారట. అది నాకిచ్చారు. ఆ దీవికి నా రూమ్మేట్ పేరు పెట్టాలని రూమ్మేట్ పట్టుబడుతోంది. పదో కట్టు నిన్నే పూర్తయింది, పరీక్ష పాసయింది.


జూలై 4, శుక్రవారం

మా నిఘంటువుకి,

ఒక పాత విద్యార్థి ఆశీస్సులు. ఆ విద్యార్థి నేనే.

నీ అచ్చు కాగితం చేరగానే కిటికీ దగ్గర కూర్చుని చూశాను. తొమ్మిది చుక్కలు, ఒక ఖాళీ. ఎక్కడో చూశాననిపించింది. పక్కనే కుర్చీ మీద మీ అత్తయ్య కుట్టబోయే చొక్కా కాగితం ఉంది. దాని మీదా అవే చుక్కలు. తొమ్మిది, ఒక ఖాళీ. ఆమె కూరలు తేవడానికి వెళ్లగానే మిషన్ సొరుగు తీశాను. గుడ్డ మీద గుర్తులు పెట్టడానికి ఆమె దొర్లించే పళ్ల చక్రం ఉంది. పెళ్లయిన కొత్తలో కింద పడి ఒక పన్ను విరిగింది. కొత్తది కొంటానంటే ఒప్పుకోలేదు. దాన్ని నీ అచ్చు పక్కన దొర్లించాను. చుక్కకి చుక్క, ఖాళీకి ఖాళీ సరిపోయింది.

ఇప్పుడు ఎవరికీ చెప్పని కథ చెబుతాను. ఆ ట్రే నేను చేసిన మొట్టమొదటి వస్తువు. నాలుగు అంచులూ కోసి, పలక మీద తాడుతో బిగించి చూస్తే అంచులు పలక దాటి బయటికొచ్చాయి. రెండు వైపులా సందు. చెంచా పెడితే ఆ సందులోంచి జారి కింద పడింది. దాన్ని మూలకి విసిరేశాను. లెక్కల మాస్టారు చేసిన ట్రేలోంచి చెంచా జారడమా! రేపే రంపం పక్కింటి వాళ్లకి ఇచ్చేస్తానని ప్రకటించి బడికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి ఆఖరిసారి చూద్దామని తీశాను. అన్నీ అతికినట్టు కూర్చున్నాయి! పొద్దున కోపంలో ముక్కలు అటుదిటు పెట్టి ఉంటాననుకున్నాను. మీ అత్తయ్య మిషన్ మీంచి తల ఎత్తకుండానే "మీ లెక్క తప్పుతుందా?" అంది. ఆ మాటే నలభై ఏళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

ఆ రోజు ఆమె పొట్టి అంచులు ఒక్కోటి రెండు వేళ్లు తగ్గించి కోసేసింది, సరైన కొలత కర్ర వెనక ఆ చక్రంతో గుర్తు పెట్టింది. కుట్టుకి ఎంత వదలాలో తెలిసిన మనిషి. నేను లెక్కల మాస్టారినై ఉండి తీసివేత మర్చిపోయాను.

కోపం తెచ్చుకోవాలని అరగంట ప్రయత్నించాను. రాలేదు. ఆ సాయంత్రం చెంచా రెండోసారి జారి ఉంటే నేను మళ్లీ రంపం పట్టేవాణ్ణి కాదు. ఈ ఇంట్లో స్టూళ్లు, అరలు, మీ అత్తయ్య కూర్చునే ఆ మిషన్ బల్ల, ఏవీ ఉండేవి కావు. నీకు నేర్పేవాణ్ణీ కాదు. మీ మేడమ్ గారు అట్లాసుతోనే రిటైరయ్యేవారు. నలభై ఏళ్ల నా సంతోషమంతా ఆమె కోసేసిన రెండు వేళ్ల మీద నిలబడి ఉంది. నువ్వు ఆ చుక్కలు పెట్టిన వాళ్లకి కృతజ్ఞతలు అందజేయమన్నావు. నీకంటే ముందు నేను అందజేయాలి, నాది నలభై ఏళ్లు ఆలస్యం.

నాకు తెలిసిపోయిందని ఆమెకి ఇంకా తెలియదు. రేపు పొద్దున ఆమె కంటే ముందు లేచి, నా చేతులతో టీ పెట్టి, ఆ ట్రేలోనే తీసుకెళ్లి ఆమె ముందు ఉంచుతాను. తాగుతుండగా ట్రే కథ చెబుతాను. ఈసారి సరైన కథ.

మీ మావయ్య

తా.క. కవరుకి ఇంత జిగురు పెడతారని ఎవరనుకున్నారు! ఆవిరి పట్టేసరికి వేళ్లు కాలాయి. అంతా చదివాను. ఇంతకంటే రాయలేను, కాగితం తడుస్తోంది. ఒక్కటే భయం. ఆయన వంటింట్లో అడుగుపెట్టి ఏళ్లయింది, ఉప్పు డబ్బా పంచదార డబ్బా పక్కపక్కనే ఉన్నాయి. రేపు పొద్దున ఆయన కంటే ముందు చప్పుడు చేయకుండా లేచి, ఉప్పు డబ్బా పై అరలో పెట్టేసి, మళ్లీ వచ్చి నిద్రపోతున్నట్టు పడుకుంటాను.